కబుర్లు మోసిన గొంతు

పొద్దున్నే బాల్కనీ తలుపు ఓరగా వేసుకుని, గోడకు ఆనుకుని కూర్చుని, నోరు తెరవకుండా కింది స్థాయిలో గొంతు సవరించుకోవడం పిట్టకు అలవాటు. సంగీత కళాశాలలో రెండో ఏడు చదువుతోంది. బండి వేడెక్కకుండా పరుగెత్తించినట్టు గొంతును పరుగెత్తించకూడదని టీచరుగారు మొదటి రోజే చెప్పారు. కానీ ఆ ఇంట్లో నిదానంగా మొదలుపెట్టనిచ్చేవాళ్లెవరు? ఆ రోజు కూడా శ్రుతి ఇంకా కుదరకముందే హాల్లోంచి తాతయ్య పిలుపు వినిపించింది.

"పిట్టా, మీ నాన్నకి చెప్పు. బాత్రూంలో కుళాయి తెల్లార్లూ కారి నేలంతా మడుగైంది. ఆ మహానుభావుడికి చెవులు కూడా పనిచెయ్యడం మానేసినట్టున్నాయని చెప్పు."

నాన్న అక్కడే ఉన్నాడు. అదే బల్ల దగ్గర, తాతయ్యకు ఎదురుగా కూర్చుని రొట్టెముక్కకు వెన్న రాసుకుంటున్నాడు. ఒకరు చెయ్యి చాపితే రెండోవాళ్లకు తగిలేంత దూరం. అయినా ఆయన తల ఎత్తలేదు. పిట్ట లేచి లోపలికి వచ్చి, "నాన్నా, కుళాయి కారుతోందట. పాపం తాతయ్యకి ఇబ్బందిగా ఉందట," అంది.

"తీరిక దొరికినప్పుడు చూస్తానని చెప్పు. నేనేం రోజంతా కిటికీ దగ్గర కూర్చునేవాణ్ణి కాదు కదా."

పిట్ట బల్ల చుట్టూ తిరిగి తాతయ్య కుడిపక్కకు వెళ్లింది. బస్సు ఇంజను పక్కన జన్మంతా కూర్చున్న పాపానికి ఆయన ఎడమ చెవి ఏనాడో మూతపడింది. కుడిది కాస్త నయం, అది కూడా గట్టిగా అరిస్తేనే. "ఇవాళే చూస్తానంటున్నాడు తాతయ్యా," అని అరిచింది. తాతయ్య ఊఁ కొట్టి టీ కప్పు అందుకున్నాడు. పిట్ట మళ్లీ బాల్కనీలోకి పోయి కూర్చునేసరికి శ్రుతి ఎక్కడో జారిపోయింది.

అసలు పేరు కాలేజీ రిజిస్టరులో ఉంది కానీ ఇంట్లో దాన్ని వాడిన పాపాన ఎవరూ పోలేదు. మాటలు వచ్చీరాని రోజుల్లోనే గుక్క తిప్పుకోకుండా వాగుతుంటే, ఇదెక్కడి వసపిట్టరా బాబూ అని తాతయ్యే అన్నాడట. కొన్నాళ్లకు వస రాలిపోయి పిట్ట మిగిలింది.

తండ్రీకొడుకులు మాటలు మానేసి మూడేళ్లు దాటింది. తాతయ్య బతుకంతా బస్సు నడిపాడు. ఉద్యోగం విరమించాక ఒక పాత కారు కొనుక్కుని, రోజూ దాని ఒళ్లు తుడిచి, పిట్టను అందులో పాటల క్లాసుకు తీసుకెళ్లి తీసుకొచ్చేవాడు. అన్నేళ్లు చక్రం తిప్పిన మనిషి ఎవరికీ చిన్న గీటైనా పెట్టలేదు. ఆ సంగతి ఆయనంతట ఆయన చెప్పుకోడు, ఎదుటివాళ్లు చెప్పాలి. చెప్పకపోతే చెప్పేదాకా మాటను అటే తోలుకుపోతాడు.

నాన్నది కళ్లద్దాల షాపు. ఒకనాడు తండ్రిని అక్కడే కుర్చీలో కూర్చోబెట్టి అక్షరాల బోర్డు చదవమన్నాడు. పై వరుసలు దాటి తాతయ్య ముందుకు పోలేకపోయాడు. ఇంక చాలు, కారు తాళాలు ఇచ్చెయ్యండి, మీరు నడిపితే ఎవరో ఒకరి ప్రాణం తీస్తారు అనేశాడు నాన్న. షాపు నిండా జనం. వాళ్లలో తాతయ్యతో పాటు బస్సులు నడిపిన పాత నేస్తం కూడా అద్దాల కోసం వచ్చి కూర్చుని ఉన్నాడు. తాతయ్య తాళాలు బల్ల మీద పెట్టి, ఇంటికి నడిచి వచ్చేశాడు. కొడుకు చేయించిన కళ్లద్దాలు ఈనాటిదాకా ఆయన ముక్కు ఎక్కలేదు. కారు ఎవరికో వెళ్లిపోయింది. పిట్ట బస్సెక్కడం నేర్చుకుంది.

ఆ రోజు నుంచి ఇంట్లో కబుర్ల పని పిట్ట మీద పడింది. అమ్మ స్కూల్లో డ్రిల్ టీచరు. పగలంతా ఈల ఊది పిల్లల్ని వరసలో నిలబెట్టి వస్తాననీ, ఇంటికొచ్చి మళ్లీ ఇద్దరు పెద్ద పిల్లల మధ్య పరుగెత్తడం తనవల్ల కాదనీ మొదటి వారమే చేతులు దులుపుకుంది. పిట్టకు మొదట్లో అది ఆటలాగే ఉండేది. తర్వాత అందులో పనితనం కూడా వచ్చింది. పసిపిల్లకు చేపముక్క పెట్టేటప్పుడు ముళ్లు ఏరినట్టు, ఇటు మాటల్లో ముల్లు ఏరి అటు అందించేది. అటు నుంచి వచ్చిన దాన్నీ అంతే.

ఏరడంతో ఊరుకున్నా బాగుండేది. ఒకసారి తాతయ్యకు జ్వరం వచ్చింది. నాన్న షాపు నుంచి ఆలస్యంగా వచ్చి, తిని పడుకున్నాడు. మర్నాడు పిట్ట తాతయ్య చెవి దగ్గర కూర్చుని, నాన్న నిన్నంతా నీ గురించే అడిగాడని అరిచింది. తాతయ్య మొహం వెలిగిపోయింది. ఇంకోసారి నాన్న దిగులుగా ఉంటే, తాళాలు తీసుకుని వాడు మంచిపనే చేశాడని తాతయ్య అన్నాడని చెప్పింది. ఆ సాయంత్రం నాన్న కూనిరాగం తీస్తూ ఫ్యాను బాగుచేశాడు. ఒక చిన్న అబద్ధానికి ఇల్లంతా అంత వెలుగు వస్తుంటే నిజం కోసం ఎవరు వెతుక్కుంటారు? పోయినేడు తాతయ్య పుట్టినరోజున, తప్పు తనదేనని నాన్న అన్నాడని కూడా చెప్పేసింది. అది మాత్రం చెప్పాక కాస్త భయపడింది.

కాలేజీలో ఆమె రోజులు ఊయలలాగా ఉండేవి. ఒకరోజు పైకి, మర్నాడు కిందికి. టీచరుగారికి ఒక అలవాటు ఉంది. పాట బాగుంటే కళ్లు మూసుకుంటారు. తెరిచారంటే ఎక్కడో ఏదో తప్పిందని అర్థం. పోయిన నెలలో ఒకరోజు పిట్ట పాడినంతసేపూ ఆ కళ్లు తెరుచుకోలేదు. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో సీటు లేకపోయినా పిట్టకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఆ వారమే కాలేజీ సభలో ఒంటరిగా పాడే పాట ఆమెకే ఇచ్చారు. ఏడాది చివరి పరీక్ష దగ్గర పడుతోంది. అది గట్టెక్కితేనే పై తరగతి.

ఈ మధ్య మాత్రం గొంతులో ఏదో గరగర. మంచినీళ్లు తాగితే పోతుందనుకుంది, నిద్రపోతే పోతుందనుకుంది. కుళాయి కారిన రోజు క్లాసులో పై స్థాయికి వెళ్లేసరికి గొంతు పాతగుడ్డలా చిరిగి రెండు పాయలైంది. టీచరుగారు కళ్లు తెరిచారు. మళ్లీ పాడమన్నారు. ఈసారి గాలి తప్ప ఏమీ రాలేదు. జలుబు చేసిందని పిట్ట సణిగింది. జలుబు గొంతు ఎలా ఉంటుందో తనకు తెలుసనీ, డాక్టరు చూసేదాకా తన క్లాసులో నోరు తెరవద్దనీ టీచరుగారు చెప్పారు. ఆవిడ కోప్పడి ఉంటే పిట్టకు అంత భయం వేసేది కాదు. మెల్లగా చెప్పారు.

గొంతు డాక్టరమ్మ దగ్గరికి అమ్మ తీసుకెళ్లింది. సన్నటి గొట్టం ముక్కులోంచి లోపలికి దించి, తెర మీద చూపించింది డాక్టరమ్మ. గొంతును పలికించే తెల్లటి పోగులు రెండు, వాటి అంచుల మీద ఎదురెదురుగా చిన్న చిన్న వాపులు. కొత్త చెప్పు కరిస్తే కాలికి కాయ కాస్తుంది చూడు, ఇదీ అలాంటిదే అంది. పద్ధతిగా నేర్చుకుని పాడేవాళ్లకు ఇది రావడం తక్కువట. బాగా అరిచేవాళ్లకు వస్తుందట.

"ఇంట్లో చెవులు వినపడనివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

పిట్ట తల అడ్డంగా ఊపింది. అమ్మ ఆమె వైపు ఒక చూపు చూసి ఊరుకుంది.

మళ్లీ తను చూసేదాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదని డాక్టరమ్మ ఆజ్ఞ. గుసగుస అసలే వద్దు, అది మరీ చేటు. వాపు తగ్గకపోతే కత్తి పెట్టాల్సి వస్తుంది, పెట్టాక పాట మునుపటిలా ఉంటుందని మాత్రం మాట ఇవ్వలేనంది. బస్టాపులో నిలబడ్డాక అమ్మ, వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాపరికం పనికిరాదంటారే అని మాత్రం అంది. పిట్ట బస్సు వచ్చే వైపే చూస్తూ నిలబడింది. జవాబు చెప్పక్కర్లేకపోవడంలో ఉన్న సుఖం ఆమెకు అప్పుడే మొదటిసారి తెలిసింది.

మర్నాడు పొద్దున తాతయ్య ఎప్పటిలాగే, "పిట్టా, మీ నాన్నకి చెప్పు," అని మొదలుపెట్టాడు. పిట్ట పెదాల మీద వేలు పెట్టి చూపించింది. ఆయన నాలిక కరుచుకున్నాడు. కాసేపు అటూ ఇటూ చూసి, కోడలితో, "అమ్మాయ్, వాడికి చెప్పు," అన్నాడు. అమ్మ సాక్సులు తొడుక్కుంటూ, "ఎదురుగా ఉన్నాడు కదా మావయ్యగారూ, మీరే చెప్పండి," అని అరిచి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. ఏదైనా కాగితం మీద రాసి చూపిద్దామంటే అద్దాలు లేకుండా తాతయ్యకు అక్షరం కనపడదు.

తర్వాతి రోజుల్లో ఆ ఇల్లు చూడముచ్చటగా తయారైంది. తాతయ్య ఫ్యానుతో మాట్లాడేవాడు. ఈ ఇంట్లో సబ్బు అయిపోతే తెచ్చేవాళ్లు లేరు కాబోలు అనేవాడు దానితో. నాన్న గోడకు చెప్పేవాడు. టీవీ అంత గట్టిగా పెడితే వీధిలో వాళ్లకు టిక్కెట్లు అమ్మాలి అనేవాడు. ఫ్యానూ గోడా ఏ కబురూ చేరవెయ్యలేదు. సబ్బు రాలేదు, టీవీ తగ్గలేదు. పిట్ట ఇద్దరి మధ్యా కూర్చుని చేతులతో సైగలు చేస్తే, ఇద్దరూ వేరు వేరు అర్థాలు తీసేవారు. చూసి నవ్వడానికి కూడా ఆమెకు గొంతు లేదు.

నవ్వొచ్చే సంగతులతో పాటు నొప్పించేవి కూడా జరిగాయి. ఒకసారి నాన్న విసుగ్గా, గొంతు పెంచి, "కిటికీ దగ్గర కూర్చునేవాళ్లకి కావల్సినంత పొద్దు ఉంటుంది, మనకి ఉండొద్దూ," అన్నాడు. మునుపైతే ఆ మాట పిట్ట దగ్గరే ఆగిపోయేది. ఈసారి తాతయ్య కుడి చెవి అటువైపే ఉంది. టీ కప్పు ఎత్తబోయిన చెయ్యి మధ్యలో ఆగడం పిట్ట చూసింది. ఆయన కప్పు కింద పెట్టేశాడు, టీ చల్లారిపోయింది.

కాలేజీలో టీచరుగారు ఆమెను ఊరికే ఉండనివ్వలేదు. నోరు మూతపడితే చెవులు తెరుచుకుంటాయి, అందరి పాటా విని తాళం వెయ్యమన్నారు. వినగా వినగా ఎవరి గొంతు ఎక్కడ తడబడుతోందో, ఎవరు భయపడి ముందే ఊపిరి తీసేస్తున్నారో ఆమెకు తెలియసాగింది. తను కూడా అక్కడే తప్పు చేసేదని తెలిసి సిగ్గుపడింది, సంతోషించింది కూడా. అదే వారం సభలో ఆమె పాడాల్సిన పాట పక్కన కూర్చునే నేస్తానికి ఇచ్చారు. ఆ అమ్మాయి బాగానే పాడింది. పిట్ట తాళం తప్పకుండా వేసి, తర్వాత బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుంది. ఏడుపుకూ గొంతు కావాలని ఆమెకు అక్కడ తెలిసింది. శబ్దం రాకుండా ఏడవాలంటే ఒళ్లంతా నొప్పి పుడుతుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్న పిట్టను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తల నిమిరాడు. ఆయన మనసులో చాలా రోజులుగా నలుగుతున్న మాట బయటికి తీశాడు. గొంతును తినేసే చదువు మనకొద్దు అన్నాడు. కళ్ల పరీక్షల కోర్సు ఒకటి ఉంది, అందులో చేరితే రేపు షాపులో తన పక్కనే ఉండవచ్చు అన్నాడు.

"పాట పోతే పోయింది తల్లీ. మాట్లాడే గొంతైనా మిగలాలి కదా. నువ్వు పలక్కపోతే ఈ ఇంట్లో నాకు ఊపిరాడ్డం లేదు," అన్నాడు.

ఆయన కళ్లలో నీళ్లున్నాయి. అందుకే పిట్టకు ఏం చెయ్యాలో తోచలేదు. తల అడ్డంగా ఊపింది. మళ్లీ ఊపింది. రేపే కాలేజీకి వెళ్లి పేరు తీసేయించి వస్తానని గట్టిగా అన్నాడు నాన్న. కిటికీ దగ్గర కుర్చీ కిర్రుమంది. తాతయ్య లేచి నిలబడ్డాడు.

"అమ్మాయ్," అని కోడల్ని పిలిచాడు. "వాడికి చెప్పు. నా తాళాలు లాక్కున్నాడు, సరే. ఇప్పుడు పిల్ల చేతిలోది కూడా లాక్కుంటాడట. తప్పు నాదేనని పోయినేడు కబురంపినవాడు మళ్లీ ఇదేం పని?"

నాన్న చప్పున తలెత్తాడు. "తప్పు నాదేనని నేనెప్పుడన్నాను?" అని భార్యను గట్టిగా అడిగాడు. "ఆయనే కదా అన్నారట, తాళాలు తీసుకుని వాడు మంచిపనే చేశాడని. అది గుర్తు లేదేం?"

"నేనా? కలలో కూడా అనను ఆ మాట," అన్నాడు తాతయ్య.

ఇద్దరూ ఒకేసారి పిట్ట వైపు తిరిగారు. చెప్పడానికి ఆమె దగ్గర బోలెడంత ఉంది. జ్వరం వచ్చిన రోజు సంగతి, ఆ వెలిగిన మొహం సంగతి, ఫ్యాను బాగుచేస్తూ తీసిన కూనిరాగం సంగతి. ఏదీ తలతో ఊపి చెప్పగలిగేది కాదు. తల దించుకుని, అవునన్నట్టు ఊపింది.

అమ్మ అప్పటిదాకా ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చేతిలోది పక్కన పెట్టి, తాతయ్యకూ వినపడేట్టు స్కూల్లో వాడే గొంతుతో మాట్లాడింది.

"దాన్ని అలా చూడకండి. డాక్టరు అడిగింది, ఇంట్లో వినపడనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని. లేరని తల ఊపింది ఇది. మిమ్మల్ని ఇద్దరినీ కాపాడుకొచ్చింది అక్కడ కూడా. దీని గొంతు పాటలు పాడి పోలేదు. మీ మాటలు మోసి మోసి పోయింది."

నాన్న సోఫాలో కూలబడ్డాడు. తాతయ్య మాత్రం తన గదిలోకి వెళ్లాడు. కాసేపటికి చిన్న సంచీ పట్టుకుని బయటికి వచ్చాడు. అందులోంచి చొక్కా చెయ్యి ఒకటి బయటికి వేలాడుతోంది. చెల్లెలి ఊరికి వెళ్తున్నానని అమ్మతో అన్నాడు. తన వల్లే పిల్ల గొంతు పోతే తను ఇక్కడ ఉండి చేసేదేముంది అన్నాడు. అమ్మ చెయ్యి పట్టుకుంటే మెల్లగా విడిపించుకున్నాడు. చెప్పులు వేసుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

పిట్ట వెనకాలే పరుగెత్తింది. ఆయన గోడను తడుముకుంటూ ఒక్కొక్క మెట్టే దిగుతున్నాడు. కాలు పెట్టే ముందు పాదంతో అంచు వెతుక్కుంటున్నాడు. బస్సును సందుల్లోంచి దారంలా లాక్కొచ్చిన మనిషి తన ఇంటి మెట్లను అలా వెతుక్కోవడం ఆమె ఎప్పుడూ ఇంత దగ్గరగా చూడలేదు. రెండు మెట్లు దాటి ఆయన ముందుకు వెళ్లి నిలబడింది. రెండు చేతులూ చాపింది. తాతయ్య పక్కకు తప్పుకోబోయాడు. ఇంక ఆగలేక పిట్ట నోరు తెరిచింది.

ఆయన అరచెయ్యి వచ్చి ఆమె నోటి మీద పడింది. సంచీ కిందపడిపోయింది.

"వద్దు," అన్నాడు. "నా కోసం వద్దు. నోరు ముయ్యి తల్లీ."

పిట్ట కన్నీళ్లు ఆ చెయ్యి మీదుగా జారి మణికట్టు దాకా పోయాయి. పైన మెట్ల మొదట్లో నాన్న వచ్చి నిలబడ్డాడు.

"నాన్నా," అన్నాడు. తాతయ్యకు ఎడమ చెవి అటు ఉంది. వినపడలేదు.

"నాన్నా," అని ఈసారి గట్టిగా అరిచాడు. మూడేళ్లుగా వాడని పిలుపు ఆ మెట్ల గోడలకు తగిలి కింది అంతస్తు దాకా పోయింది. తాతయ్య వెనక్కి తిరిగాడు.

"నేను చేసింది తప్పు కాదు. చేసిన చోటు తప్పు. అందరి ముందూ అనకుండా ఉండాల్సింది."

"ఏమిటీ?" అన్నాడు తాతయ్య చెవి వెనక చెయ్యి పెట్టుకుని.

నాన్న ఆ మాటలే మళ్లీ, ఇంకా గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పై ఇంటివాళ్ల తలుపు తెరుచుకుంది. కింది ఇంటావిడ చేతిలో గరిటెతో వరండాలోకి వచ్చింది. కొందరు క్షమాపణ గొణుగుతారు, కొందరు మింగేస్తారు. నాన్నకు ఆ రెండింటికీ వీలు లేకుండా పోయింది. ఇంటిల్లిపాదికీ, ఇరుగూ పొరుగుకీ వినపడేట్టు అరవడం తప్ప గత్యంతరం లేదు.

"తాళాలు అడిగిన ముందు రోజు నేను వీధి చివర నిలబడి చూశాను నాన్నా. ఎర్ర లైటు ఉండగా మీరు బండి పోనిచ్చారు. మీకు కనపడలేదు. వెనక సీట్లో ఇది కూర్చుని ఉంది, పాడుకుంటూ. నాకు భయమేసింది."

"ఏమేసింది?"

"భయం! భయమేసింది!"

ఆ అరుపులో చివరి మాట విరిగిపోయింది. తాతయ్య గోడకు ఆనుకున్నాడు. కొడుకు వైపు చూశాడు. అంత దూరంలో ఆ మొహం ఆయనకు ఎంత కనపడిందో ఎవరికి తెలుసు?

"ఎర్ర లైటా," అన్నాడు. "పిల్ల ఉండగానా?"

నాన్న తల ఊపాడు. ఊపితే కనపడదని గుర్తొచ్చి, "అవును," అని అరిచాడు.

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదరా. బోర్డు పెట్టి అక్షరాలు చదివించావు నా చేత, బడిపిల్లాడికి మల్లే. భయమేసిందని చెప్పుంటే ఇంటి దగ్గరే ఇచ్చేసేవాణ్ణి తాళాలు." కండువా లేని భుజం మీద కళ్లు తుడుచుకున్నాడు. "ఇంక అరవకు. నీ గొంతు కూడా పోతుంది. ఇంటికి ఒకరు చాలు."

నాన్న దిగి వచ్చి సంచీ అందుకున్నాడు. పిట్ట ఒక చెయ్యీ నాన్న ఒక చెయ్యీ పట్టుకుంటే తాతయ్య మళ్లీ మెట్లెక్కాడు. కింది ఇంటావిడ గరిటెతోనే కళ్లొత్తుకోబోయి ఆగింది.

మర్నాడు నాన్న కాలేజీకి వెళ్లలేదు. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దామని తాతయ్యను అడిగాడు. నేరుగా ఆయన్నే, ఆయన కుడిపక్కన నిలబడి. వినికిడి మిషను చెవిలో పెట్టుకుంటే ముసలాడిలా కనపడతానని తాతయ్య వాదించాడు. ఇప్పుడు ఎలా కనపడుతున్నారని నాన్న అడిగాడు. దాని మీద ఇద్దరూ పొద్దున్నంతా పోట్లాడుకుని, సాయంత్రం కలిసి వెళ్లారు.

గొంతు డాక్టరమ్మ మళ్లీ గొట్టం దించి చూసిన రోజు అందరూ వెళ్లారు. వాపు చాలా వరకు తగ్గింది. కత్తి అక్కర్లేదంది. రోజుకు కొద్ది కొద్దిగా మాట్లాడటం మొదలుపెట్టమంది. ఇంటికి వచ్చాక ముగ్గురూ పిట్ట ఎదురుగా కూర్చున్నారు. మొదటి మాట కోసం పెళ్లివారిలా ఎదురుచూస్తున్నారు. పిట్ట ఇన్నాళ్లూ మనసులో దాచుకున్న మాట ఉంది. అది కాక వేరే ఏది అన్నా దొంగతనమే అనిపించింది.

"నేను అబద్ధాలు చెప్పాను," అంది. గొంతు సన్నగా, కొత్తగా, ఎవరిదో లాగా ఉంది. "నాన్న అనని మాటలు నీకు చెప్పాను తాతయ్యా. నువ్వు అననివి నాన్నకి చెప్పాను."

తాతయ్య చెవిలో కొత్త మిషను సర్దుకున్నాడు.

"తెలుసులే," అన్నాడు. "మీ నాన్నకి అంత తియ్యటి మాటలు చిన్నప్పటి నుంచీ లేవు. సగం తెలుస్తూనే ఉండేది. మిగతా సగం నిజమైతే బాగుండుననిపించేది. అందుకని అడగలేదు."

నాన్న చేతులు చూసుకుంటూ, "నేను మాత్రం పూర్తిగా నమ్మాను," అన్నాడు. పిట్ట లేచి వెళ్లి ఆయన భుజం మీద తల పెట్టుకుంది. ఆ రోజుకు ఆమె మాటల కోటా అయిపోయిందని అమ్మ ఈల ఊదినట్టు ప్రకటించింది.

మామూలు పరీక్షకు పిట్ట గొంతు అందలేదు. తప్పినవాళ్లతో కలిసి తర్వాత పాడాల్సిన వరసలో ఆమె పేరు కూడా చేరింది. నేస్తం పై తరగతిలో కూర్చుంటే తను కింది గదిలో ఉండటం మింగుడుపడటానికి కొన్నాళ్లు పట్టింది. టీచరుగారు పై స్థాయి జోలికి పోని చిన్న పాట ఎంచి ఇచ్చారు. చిన్నదని చులకన చెయ్యకు, ఇందులో దాక్కోవడానికి చోటు ఉండదు అన్నారు. ఇంట్లో ఇప్పుడు సాధన నిదానంగానే మొదలవుతోంది. హాల్లో తండ్రీకొడుకులు కుళాయి మీద, టీవీ మీద, సబ్బు మీద నేరుగా తగువులాడుకుంటారు. ఇంతకన్నా మాట్లాడుకోని రోజులే ప్రశాంతంగా ఉండేవని అమ్మ అప్పుడప్పుడూ అంటుంది. కానీ స్కూలుకు వెళ్లేముందు కాసేపు గుమ్మంలో నిలబడి ఆ తగువు విని మరీ వెళ్తుంది.

పరీక్ష రోజున ముగ్గురూ వెంట వచ్చారు. వద్దన్నా వినలేదు. వాళ్లను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి పిట్ట లోపలికి వెళ్లింది. బల్ల వెనక టీచరుగారు, పక్కన బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి. శ్రుతి పెట్టారు. పిట్ట చేతులు చల్లబడ్డాయి. ఇంకా నోరు తెరవలేదు, తలుపు అవతల నుంచి గొంతులు వినపడ్డాయి.

"అదిగో మొదలెట్టింది. విను, విను."

"అది మనమ్మాయి కాదు నాన్నా. పక్క గదిలో ఎవరో."

"నా మనవరాలి గొంతు నాకు తెలీదట్రా? మిషను పెట్టుకున్నది నేనా నువ్వా?"

"మెల్లగా మాట్లాడండి."

"నేను మెల్లగానే మాట్లాడుతున్నాను. నువ్వే అరుస్తున్నావు."

అమ్మ ఇద్దర్నీ కసరడం కూడా వినిపించింది. పరీక్షాధికారి కలం కింద పెట్టి తలుపు వైపు చూశాడు. టీచరుగారు పెదాలు బిగబట్టుకున్నారు.

"ఎవరమ్మా వాళ్లు?" అన్నాడాయన.

"మావాళ్లేనండి," అంది పిట్ట.

"ఏమిటి, పోట్లాడుకుంటున్నారా?"

పిట్ట కళ్లు నీళ్లతో నిండాయి. అయినా నవ్వు ఆగలేదు. చేతులకు ఎక్కడి నుంచో వెచ్చదనం వచ్చింది.

"లేదండి," అంది. "మాట్లాడుకుంటున్నారు."

ఊపిరి తీసుకుని, కింది స్థాయిలో, నిదానంగా పాట అందుకుంది. కొంతసేపటికి టీచరుగారు కళ్లు మూసుకున్నారు.